మ్యాచ్ కాని ఏడాది: విశాఖలో ఒక ఎంబీబీఎస్ డాక్టర్ కేసు

ఈ కేసులోని డాక్టరును శ్రావణి అని పిలుస్తాను. అసలు పేరు అది కాదు, కుటుంబ వివరాలు కూడా కొన్ని మార్చాను. దరఖాస్తు లెక్కలు మాత్రం ఆమె ఒప్పుకున్న మీదట ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను. నేను అమెరికాలో ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెన్సీ (అక్కడి పీజీ శిక్షణ) చేసి, విశాఖ తిరిగొచ్చి ఫిజీషియన్‌గా ప్రాక్టీసు చేస్తున్నదాన్ని. రెసిడెన్సీకి ప్రయత్నించే పిల్లల ఫైళ్లు చూసిపెట్టడం చాలాకాలంగా అలవాటైంది. డాక్టర్లు, ప్రోగ్రాములు తమ ఇష్టం ప్రకారం ఇచ్చే ర్యాంకు జాబితాలను కలిపి అక్కడ సీట్లు పంచే పద్ధతిని మ్యాచ్ అంటారు. సీటు వచ్చినవాళ్ల కథలు ఎక్కడ చూసినా దొరుకుతాయి. రానివాళ్లు ఆ మర్నాటి నుంచి ఏం చేశారో రాసినవాళ్లు తక్కువ. వాళ్లకి పనికొస్తుందని ఇది కాస్త వివరంగా రాస్తున్నాను.

వచ్చేనాటికి పరిస్థితి

శ్రావణి ఉత్తరాంధ్రలోనే ఎంబీబీఎస్ చదివి, 2022లో హౌస్ సర్జెన్సీ ముగించింది. అమెరికా డాక్టర్ల లైసెన్సు పరీక్ష యూఎస్ఎంఎల్ఈలో స్టెప్ 1 పాస్, స్టెప్ 2 సీకేలో 236. రెండూ మొదటిసారే గట్టెక్కింది. ఓఈటీ అనే ఇంగ్లీషు పరీక్ష రాసింది, బయటి దేశాల్లో చదివినవాళ్లకి రెసిడెన్సీ అర్హతగా అడిగే ఈసీఎఫ్ఎంజీ సర్టిఫికెట్ తెచ్చుకుంది. 2023 వేసవిలో ఒక ఏజెన్సీకి డబ్బు కట్టి అమెరికాలో రెండు నెలలు అబ్జర్వర్‌షిప్ (డాక్టరు వెంట ఉండి చూస్తూ నేర్చుకోవడం) చేసింది. ఆ సెప్టెంబరులో ఇంటర్నల్ మెడిసిన్‌కి 140 ప్రోగ్రాములకు దరఖాస్తు పెట్టింది. ఇంటర్వ్యూ ఒక్కటే వచ్చింది. 2024 మార్చి 11, సోమవారం రాత్రి మ్యాచ్ కాలేదని మెయిల్ వచ్చింది.

ఆ వారమంతా సోప్‌లో గడిచింది. మ్యాచ్‌లో మిగిలిపోయిన సీట్లకు అదే వారం జరిగే భర్తీని సోప్ అంటారు. గరిష్ఠంగా 45 ప్రోగ్రాములకు పెట్టుకోవచ్చు. వాళ్లంతట వాళ్లు పిలిచేదాకా మనం ఫోన్ చేయడం, మెయిల్ పెట్టడం నిషిద్ధం. గురువారం విడతలు విడతలుగా ఆఫర్లు వస్తాయి, వచ్చిన ఆఫర్‌కి రెండు గంటల్లో జవాబు చెప్పాలి. వీసా కావాల్సిన విదేశీ గ్రాడ్యుయేట్లకు ఇందులో దక్కేది కొద్దే. శ్రావణి 45కి 45 వాడింది, ఒక్క ఫోనూ రాలేదు.

ఏప్రిల్ మొదట్లో నాన్నగారిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన స్టీల్ ప్లాంటులో రిటైరయ్యారు, కూర్మన్నపాలెంలో సొంతిల్లు. పరీక్షలకు, ప్రయాణానికి, దరఖాస్తులకు ఆయన రిటైర్మెంటు సొమ్ములోంచే తీశారు. కూర్చోగానే, "ఇంటర్వ్యూలో సరిగ్గా మాట్లాడలేకపోయిందండీ మా అమ్మాయి. దానికి కోచింగ్ ఏదైనా ఉందా?" అన్నారు. శ్రావణి తల వంచుకుని కూర్చుంది.

ఫైలు తెరవకముందు నేను ఆమె నిద్ర గురించి, తిండి గురించి అడిగాను. మూడు వారాలుగా తెల్లవారుజామున లేచి కూర్చుంటోందట. బ్యాచ్‌మేట్ల వాట్సాప్ గ్రూపు నుంచి బయటికొచ్చేసింది. బంధువులు వస్తే గదిలోంచి రావడం లేదు. చచ్చిపోవాలనే ఆలోచనలు వస్తున్నాయా అని సూటిగానే అడిగాను. లేవంది, అయినా మా సైకియాట్రిస్టు మిత్రుడి దగ్గరికి పంపాను, మానసిక సహాయానికి ఉన్న టెలిమానస్ హెల్ప్‌లైన్ నంబరు 14416 ఫోన్‌లో సేవ్ చేయించాను. మ్యాచ్ కాని పిల్లలు ఎవరొచ్చినా ఈ ప్రశ్నలతోనే మొదలుపెడతాను. డాక్టరు కదా, తట్టుకుంటుందిలే అని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. పదేళ్లుగా క్లాసులో ముందు వరుసలో ఉన్న పిల్లకి మొదటి ఓటమి ఇదే అయితే, తట్టుకోవడం ఎక్కడ నేర్చుకుంటుంది?

తర్వాత ఒక అంకె చెప్పాను. 2024 మ్యాచ్‌లో అమెరికా పౌరులు కాని విదేశీ గ్రాడ్యుయేట్లలో సీటు దక్కింది 58.5 శాతం మందికి. అంటే నూటికి నలభైమందికి పైగా శ్రావణి లాంటివాళ్లే. పైగా ఆ శాతం ర్యాంకు జాబితా సమర్పించినవాళ్లలోంచి తీసిన లెక్క. ఒక్క ఇంటర్వ్యూ కూడా రాక జాబితా పెట్టలేకపోయినవాళ్లు అందులోకి రానే రారు. నాన్నగారు ఆ మాట రెండుసార్లు చెప్పించుకున్నారు. తమ అమ్మాయి ఒక్కతే తప్పిందని అప్పటిదాకా అనుకుంటున్నారు.

ఆగింది ఎక్కడ?

మళ్లీ దరఖాస్తు పెట్టాలా, వద్దా అన్నది ఆ తర్వాతి ప్రశ్న. పోయినసారి ఏ మెట్టు దగ్గర ఆగిందో ముందు తేలాలి. ఇంటర్వ్యూలకు పిలుపే రాకపోతే లోపం దరఖాస్తులోనో, దాన్ని పంపిన చోట్లలోనో ఉంది. పది పిలుపులు వచ్చీ సీటు రాకపోతే లోపం ఇంటర్వ్యూ గదిలో ఉంది. నాలుగైదు ఇంటర్వ్యూలు బాగానే చేసి తప్పిపోతే లోపం ఏదీ లేకనూ పోవచ్చు, ఆ ఏడాది కలిసిరాలేదంతే. ఈ మూడింటికీ మందులు వేరు. జ్వరమని వచ్చిన ప్రతి మనిషికీ ఒకే యాంటీబయాటిక్ రాస్తే ఒప్పుకోని మనం, మ్యాచ్ కాని ప్రతి మనిషికీ "రీసెర్చ్ చెయ్యి, పేపర్లు పెంచు" అని ఒకే చీటీ రాసిస్తున్నాం.

శ్రావణికి 140 దరఖాస్తులకు ఒక్క పిలుపు. ఆగింది గుమ్మం దగ్గరే. ఇంటర్వ్యూ కోచింగ్‌కి కట్టే ప్రతి రూపాయీ వృథా అని నాన్నగారికి అప్పుడే చెప్పేశాను.

ఒక ఆదివారం ఆ 140 ప్రోగ్రాముల పేర్లూ ఎక్సెల్ షీటులో దించుకుని కూర్చున్నాం. ప్రతి దానికీ నాలుగు గడులు పెట్టాం: వీసా ఇస్తారా, ఎన్నేళ్ల లోపు పాసై ఉండాలంటున్నారు, అమెరికా క్లినికల్ అనుభవం ఎంత అడుగుతున్నారు, ఇప్పుడున్న రెసిడెంట్లలో బయటి దేశాల్లో చదివినవాళ్లు ఎందరు. చివరి గడికి ప్రోగ్రాముల వెబ్‌సైట్లలో రెసిడెంట్ల ఫొటోల కింద కాలేజీ పేర్లు చదివితే చాలు. గుంటూరు, వరంగల్, కర్నూలు, లాహోర్, ఖాట్మండు కనబడితే ఆ తలుపు మనకీ తెరుచుకోవచ్చని అర్థం. అందరూ ఆ రాష్ట్రపు కాలేజీలవాళ్లే అయితే, వెబ్‌సైటులో "అందరికీ ఆహ్వానం" అని రాసి ఉన్నా మన ఫైలు తెరవరు.

సాయంత్రానికి లెక్క తేలింది. 38 ప్రోగ్రాములు అసలు వీసాయే ఇవ్వవు. మరో 41 చోట్ల విదేశీ రెసిడెంటు ఒక్కరూ లేరు, లేదా వాళ్లు బాహాటంగా చెప్పిన కనీస స్కోరు 236 కంటే ఎక్కువ. మిగిలినవి 61. అంటే సగానికి పైగా దరఖాస్తులు చేరిన రోజే వడపోతలో పోయాయి. ఏజెన్సీవాళ్లు అమ్మిన జాబితా అది. శ్రావణి దాన్ని నమ్మింది, నమ్మకపోవడానికి ఆమెకి వేరే ఆధారమూ లేదు. ఇష్టాన్ని ముందుగా తెలిపే సిగ్నళ్లనూ పేరుమోసిన యూనివర్సిటీలకే వాడేసింది.

ఆ 61 అయినా ఎందుకు పిలవలేదు? అందుకు ఎరాస్‌లో, అంటే రెసిడెన్సీ దరఖాస్తులు పంపే ఆన్‌లైన్ పద్ధతిలో, ఆమె పెట్టిన దరఖాస్తు చదవాలి.

స్కోరు గురించి నేను ఎక్కువ మాట్లాడలేదు. పాసైన స్టెప్ మళ్లీ రాయనివ్వరు. 2022 జనవరి నుంచి స్టెప్ 1 పాస్ లేదా ఫెయిల్ మాత్రమే కాబట్టి అందరి చూపూ స్టెప్ 2 మీదే. 236 గొప్పదీ కాదు, తీసిపారేసేదీ కాదు. మార్చలేనిదాని మీద ఏడవడం ఆపి మార్చగలిగేవి చూద్దాం అన్నాను.

అనుభవాల విభాగంలో పది రాసుకోవచ్చు, వాటిలో మూడింటిని తనకు ముఖ్యమైనవిగా చూపించి కారణం చెప్పవచ్చు. శ్రావణి చూపించిన మూడూ ఇవి: రెండు అబ్జర్వర్‌షిప్‌లు, ఒక వెబినార్ నిర్వహణ. ఏడాది పాటు రాత్రింబవళ్లు చేసిన హౌస్ సర్జెన్సీకి ఒక్క వరుస. "హిస్టరీ టేకింగ్, ఫిజికల్ ఎగ్జామినేషన్, ఐవీ క్యాన్యులేషన్, కేథటరైజేషన్." ఈ నాలుగు పనులూ దేశంలో ప్రతి హౌస్ సర్జనూ చేస్తాడు. దరఖాస్తు చదివే ప్రోగ్రాం డైరెక్టరుకి ఆ వరుస వల్ల శ్రావణి ఎవరో ఏం తెలుస్తుంది?

"హౌస్ సర్జెన్సీలో గుర్తున్న పేషెంటు ఒకరి గురించి చెప్పు" అన్నాను.

"చెప్పుకోదగ్గవేం లేవు మేడమ్. అక్కడ మేం శాంపిళ్లు పట్టుకుని తిరగడమే."

"తిరుగుతూ చూసినవాళ్లే ఎవరో ఒకరు."

కాసేపు ఆలోచించి ఒకామె గురించి చెప్పింది. పాడేరు పైనుంచి వచ్చిన ఆవిడ. వారం రోజులుగా జ్వరం, మలేరియా లేదన్నారు, బయట ఎవరో టైఫాయిడ్ అని ఇంజెక్షన్లు చేశారు. ఆవిడకి తెలుగు అంతంతమాత్రం, ఆదివాసీ ఒడియా మాట్లాడుతుంది. రాత్రి డ్యూటీలో ఈసీజీ తీయాలని జాకెట్టు సర్దుతుంటే రొమ్ము కింద మడతలో నల్లటి పెచ్చు ఒకటి కనబడింది శ్రావణికి. నొప్పి లేదు, దురద లేదు, ఆవిడ ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా. వార్డులో ఆ భాష తెలిసిన స్వీపరమ్మను పిలుచుకొచ్చి, అడవిలోకి ఎప్పుడు వెళ్లావు, ఏం కుట్టింది అని అడిగించింది. డ్యూటీ పీజీని లేపి చూపిస్తే స్క్రబ్ టైఫస్ అనుకుని ఆ రాత్రే డాక్సీసైక్లిన్ మొదలుపెట్టారు. రెండో రోజుకి జ్వరం దిగిపోయింది.

ఇది చెబుతున్నంతసేపూ శ్రావణి గొంతు మారిపోయింది. ఏప్రిల్ నుంచి నేను చూస్తున్న పిల్ల కాదు. "ఇది దరఖాస్తులో ఎక్కడుంది?" అన్నాను. ఎక్కడా లేదు. పర్సనల్ స్టేట్‌మెంట్‌లో చిన్నప్పుడు తాతగారి జబ్బు చూసి డాక్టరు కావాలనుకున్న సంగతి, అమెరికా వైద్యంలోని సాంకేతికత గొప్పదనం ఉన్నాయి. ఇలాంటి స్టేట్‌మెంట్లు నేను ఎన్నో చదివాను, ఎవరిది ఏదో గుర్తుండదు. ఒంటి మడతలో పెచ్చు చూసిన డాక్టరు మాత్రం గుర్తుంటుంది. పరీక్ష చేసే చేతులు, అడిగే ఓపిక, రాత్రిపూట సీనియర్ని లేపే ధైర్యం మూడూ ఆ ఒక్క సంగతిలో ఉన్నాయి.

సిఫార్సు లేఖలు మరీ పలచన. ఒక ప్రోగ్రాముకి నాలుగు దాకా జతచేయవచ్చు, ఆమెవి మూడు. రెండు అబ్జర్వర్‌షిప్ క్లినిక్కుల నుంచి వచ్చాయి. లేఖను తాను చూడనని శ్రావణి హక్కు వదులుకుంది కాబట్టి నేనూ చూడలేదు. కానీ ఆ డాక్టర్లు ఆమెను ఎంతసేపు చూశారని అడిగితే, ఒకే గదిలో తనలాంటివాళ్లు అరడజను మంది ఉండేవారంది. పేషెంటుతో ఆమె మాట్లాడటం చూడని మనిషి లేఖలో ఏం రాయగలడు?

ఇక అన్నిటికంటే పెద్ద ఖాళీ. హౌస్ సర్జెన్సీ ముగిసిన నాటి నుంచి నా దగ్గరికి వచ్చేదాకా, ఆ రెండు నెలలు తప్ప ఆమె ఏ పేషెంటు దగ్గరికీ వెళ్లలేదు. పరీక్షలకు చదువుతూ ఇంట్లోనే ఉంది. మన దగ్గర ఇది తప్పుగా అనిపించదు, చదువుకునే పిల్ల చదువుకుంటోంది అంటారు. దరఖాస్తు చదివేవాళ్లకి మాత్రం రెసిడెన్సీ మొదలయ్యే జూలై 1న వార్డులో నిలబెట్టగలమా అన్నదే భయం. డిగ్రీ వచ్చి ఎన్నేళ్లయిందనే పట్టింపు వెనక ఉన్నదీ ఈ భయమే. ఖాళీ ఉన్న ప్రతి నెలా దాన్ని పెంచుతుంది.

పక్కన పెట్టినవి

బంధువులు, సీనియర్లు కలిసి ఆమెకి అప్పటికే ఓ పెద్ద జాబితా ఇచ్చి ఉన్నారు. ఒక్కొక్కటే చూశాం. కొన్నింటికి ఐదు నిమిషాలు సరిపోయాయి.

డబ్బిస్తే పేపర్లో పేరు వేస్తామన్న ఆఫర్ ఒకటి ఉంది. వద్దన్నాను, ఇందులో చర్చ లేదు. చేయని పనికి పేరు పెట్టుకోవడం మోసం. ఇంటర్వ్యూలో ఆ పేపర్ మీద రెండు ప్రశ్నలు వేస్తే బయటపడుతుంది కూడా. నిజమైన రీసెర్చ్ ఉద్యోగం అమెరికాలో దొరికితే మంచిదే, కానీ జీతం లేని పోస్టులో ఏడాది ఉండాలంటే ఖర్చు నాన్నగారిదే. శ్రావణికి రీసెర్చ్ మీద మక్కువా లేదు.

మిస్సోరీలో రెసిడెన్సీ లేకపోయినా అసిస్టెంట్ ఫిజీషియన్‌గా చేరవచ్చని వాట్సాప్‌లో తిరిగే సందేశం మరొకటి. 2014లో ఆ రాష్ట్రం అలాంటి చట్టం చేసిన మాట నిజమే. అది అమెరికా పౌరులకు, చట్టబద్ధంగా స్థిరనివాసం ఉన్నవాళ్లకు. విశాఖలో కూర్చున్న మనకి వర్తించదు.

స్టెప్ 3 రాయాలా? మ్యాచ్‌కి అది అవసరం లేదు, హెచ్-1బి వీసా ఇచ్చే ప్రోగ్రాములకు కావాలి. పరీక్ష అమెరికాలోనే రాయాలి, అంటే మళ్లీ టికెట్, మళ్లీ ఖర్చు. విదేశీ గ్రాడ్యుయేట్లలో ఎక్కువమంది వెళ్లేది జె-1 వీసా మీదే, దానికి స్టెప్ 3 అక్కర్లేదు. వద్దనుకున్నాం. తర్వాత 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు కాబట్టి, ఇప్పుడు ఎవరైనా అడిగితే ఇంకా గట్టిగా ఆలోచించమంటాను.

అక్కడి లైసెన్సు పరీక్ష ప్లాబ్ రాసి బ్రిటన్ వెళ్లడం మా తరంలో తేలిక దారి. 2024 నాటికి రెండు భాగాలూ పాసై రిజిస్ట్రేషన్ చేతిలో ఉన్నవాళ్లు కూడా మొదటి ఉద్యోగం కోసం నెలల తరబడి చూస్తున్నారు. జర్మనీకి భాష కావాలి. రోగి చెప్పే బాధ జర్మన్‌లో విని, జర్మన్‌లో రాసి, డాక్టర్ల భాషా పరీక్షలో నెగ్గాలి. ఇష్టం ఉన్నవాళ్లకి మంచి దారే. శ్రావణి "ఇంకో పరీక్షా, ఇంకో భాషా నావల్ల కాదు మేడమ్" అంది. యూపీఎస్సీ వాళ్ల కంబైన్డ్ మెడికల్ సర్వీసెస్ పరీక్ష చాలామంది మర్చిపోతారు. రైల్వేల్లో, కేంద్ర ఆరోగ్య సర్వీసులో పర్మనెంటు ఉద్యోగం. స్పెషలిస్టు కావాలన్న కోరిక బలంగా ఉన్నందుకే ఆమె దాన్ని వదిలేసింది.

నీట్ పీజీ మిగిలింది. నాన్నగారు అప్పటిదాకా ఆ మాటే ఎత్తలేదు. అమెరికా కోసం ఇంత ఖర్చుపెట్టి మళ్లీ మొదటికొస్తామా అన్నది ఆయన బాధ.

ఒప్పందం

మే నెలలో ఒక కాగితం మీద ముగ్గురం కలిసి రాసుకున్నాం. దాని ఫొటో ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది.

మొదటిది, నెల తిరక్కుండా పేషెంట్లను చూసే ఉద్యోగంలో చేరాలి. జీతం ఎంతైనా సరే. రెండోది, నీట్ పీజీ రాయాలి. మూడోది, సెప్టెంబరులో మ్యాచ్‌కి ఒక్కసారి, ఆఖరిసారి పెట్టాలి. పెట్టే ఖర్చు ఒకటిన్నర లక్ష దాటకూడదు. నాలుగోది రాయడానికి చాలాసేపు పట్టింది. నీట్‌లో రోగిని ముట్టుకునే బ్రాంచిలో, అందుబాటు ఫీజుకి సీటు వస్తే చేరిపోవాలా, మ్యాచ్ ఫలితం దాకా ఆగాలా? మన కౌన్సెలింగు చలికాలమంతా సాగుతుంది, మ్యాచ్ ఫలితం మార్చిలో వస్తుంది. రెండు పడవల్లో కాళ్లు పెట్టి ఆగడానికి వీల్లేదు. మ్యాచ్‌లో ర్యాంకు జాబితా సమర్పించాక సీటు వస్తే అది కట్టుబడి తీరాల్సిన ఒప్పందం. ఇక్కడ డీఎన్‌బీలో (ఆస్పత్రుల్లో చేసే పీజీ కోర్సు) చేరి మానేస్తే కొంతకాలం మళ్లీ చేరనివ్వరు. జాబితా గడువులోపు మ్యాచ్ నుంచి తప్పుకోవడానికి మాత్రం నిబంధన ఒప్పుకుంటుంది. అందుకే సీటు చేతికొచ్చిన రోజున కంగారులో తేల్చుకునే బదులు ముందే రాసుకోమన్నాను. శ్రావణి రాసింది: "సీటు వస్తే చేరతాను." నాన్నగారు సంతకం పెట్టారు, మనస్ఫూర్తిగా కాదు.

జరిగింది

జూన్ మొదటికి నగరంలోనే ఒక ప్రైవేటు ఆస్పత్రి క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరుగా చేరింది. ఎక్కువగా నైట్లు. మొదటి రెండు వారాలు ఛాతీ నొప్పి అని ఎవరొచ్చినా చేతులు వణికేవట. తర్వాత అలవాటు తిరిగొచ్చింది. అక్కడి ఫిజీషియన్ ఉదయం రౌండ్లలో ఆమె రాసిన నోట్సు చదివేవారు, తప్పులు దిద్దేవారు. నాలుగు నెలలు ఆమె పని దగ్గరుండి చూసిన ఆయనే సెప్టెంబరులో లేఖ రాశారు. అమెరికా డాక్టరు లేఖ ఉండాల్సిందేనని ఒక పాత అబ్జర్వర్‌షిప్ లేఖను అలాగే ఉంచాం. హౌస్ సర్జెన్సీలో ఆమెను చూసిన మెడిసిన్ ప్రొఫెసర్ గారి దగ్గరికీ వెళ్లి అడిగింది. పాడేరు ఆవిడ కేసు ఆయనకీ గుర్తుందట.

నీట్ పీజీ జూన్ 23న ఉండాలి. ముందురోజు రాత్రి వాయిదా వేశారు, ఆగస్టు 11కి మార్చారు. సెంటరున్న ఊరికి అప్పటికే వెళ్లిపోయిన పిల్లలెందరో ఆ రాత్రి ఏడ్చారు. శ్రావణికి మాత్రం చదువుకోవడానికి ఏడు వారాలు దొరికాయి. 200 ప్రశ్నలు, 800 మార్కులు. స్టెప్ 2 చదువు దీనికి పనికిరాదనే మాట తప్పు. మెడిసిన్, గైనిక్, పీడియాట్రిక్స్‌లో ఆ పునాది నిలబెట్టింది. అనాటమీ, ఫోరెన్సిక్, పీఎస్ఎంలో (ప్రజారోగ్యం) ఇక్కడి కార్యక్రమాల అంకెలు కొత్తగా బట్టీ పట్టాల్సి వచ్చింది. ర్యాంకు చూస్తే జనరల్ మెడిసిన్, రేడియాలజీ ఊసెత్తే పనిలేదు. అలాగని చేతులెత్తేసే ర్యాంకూ కాదు.

సెప్టెంబరు దరఖాస్తులో ప్రోగ్రాములు 78. పాత 61లోంచి కొన్ని తీసేసి, ఫ్యామిలీ మెడిసిన్ కొత్తగా కలిపాం. ఆ సీజన్‌లో ఎరాస్ రుసుము ఒక్కో స్పెషాలిటీలో మొదటి 30కి ఒక్కోదానికి 11 డాలర్లు, ఆపై ప్రతి దానికీ 30. రెండు స్పెషాలిటీలకూ కలిపి అప్పటి లెక్కలో లక్షన్నర లోపే. ఇంటర్నల్ మెడిసిన్‌కి ఇచ్చిన 3 గోల్డ్ (అన్నిటికంటే ఇష్టమైనవాటికి), 12 సిల్వర్ (ఆ తర్వాతివాటికి) సిగ్నళ్లనూ విదేశీ రెసిడెంట్లు ఎక్కువగా ఉన్న కమ్యూనిటీ ఆస్పత్రులకే పంపాం. పర్సనల్ స్టేట్‌మెంట్ మొత్తం మళ్లీ రాసింది. మొదటి వాక్యం ఒక నల్లటి పెచ్చు గురించి. పాత సర్టిఫికెట్టు గడువునూ ముందే చూసుకోమన్నాను. పాత్‌వేస్ అనే పద్ధతిలో వచ్చిన ఈసీఎఫ్ఎంజీ సర్టిఫికెట్టు, రెసిడెన్సీలో చేరకపోతే కాలం తీరిపోతుంది. ఈ సంగతి తెలియక అక్టోబరులో పరుగులు పెట్టేవాళ్లుంటారు.

నాలుగు ఇంటర్వ్యూలు వచ్చాయి. 140కి ఒకటి, 78కి నాలుగు. ఉద్యోగం వల్లా, జాబితా వల్లా, లేఖల వల్లా అన్నది ఒక్క కేసులో విడదీసి చెప్పలేను. నాలుగు చోట్లా మాత్రం ఆ పెచ్చు గురించే ముందు అడిగారని శ్రావణి చెప్పింది. రాత్రి డ్యూటీలకు ముందు, మా క్లినిక్కు వెనక గదిలోంచి ల్యాప్‌టాప్ పెట్టుకుని రెండు ఇంటర్వ్యూలు ఇచ్చింది. బయటికొచ్చి, "ఈసారి నా గురించే మాట్లాడాను మేడమ్" అంది.

మూడో రౌండు కౌన్సెలింగులో రాష్ట్రంలోనే మరో జిల్లా ఆస్పత్రిలో డీఎన్‌బీ ఫ్యామిలీ మెడిసిన్ సీటు వచ్చింది. చేరడానికి ఇచ్చిన గడువు కొద్ది రోజులే. మ్యాచ్ ర్యాంకు జాబితాకి గడువు మార్చి మొదటి వారం. చేరకపోతే కౌన్సెలింగు డిపాజిట్ పోతుంది.

నాన్నగారు ఆ సాయంత్రమే ఫోన్ చేశారు. "ఒప్పందం నాకు గుర్తుందమ్మా. కానీ అప్పుడు నాలుగు ఇంటర్వ్యూలు వస్తాయని అనుకోలేదు కదా." ఆయన మాటలో న్యాయం ఉంది. నన్ను అడిగితే నేనూ ఆగమనే వైపు కాస్త మొగ్గేదాన్ని. నాలుగు ఇంటర్వ్యూలు బాగా జరిగితే ఆశ పెట్టుకోదగ్గ స్థితే. అదే మాట శ్రావణితో చెప్పాను, రెండో వైపూ చెప్పాను. ఆశ ఫలించకపోతే మళ్లీ ఆగస్టు నీట్, డిగ్రీ వచ్చి మూడేళ్లు, ఇంట్లో తమ్ముడి చదువు. ఆగినా, చేరినా ఆ నిర్ణయం ఆమెదే కావాలని నాన్నగారిని ఆ రెండు రోజులు ఏమీ అడగొద్దన్నాను.

శ్రావణి చేరింది. జాబితా గడువుకి ముందే మ్యాచ్ నుంచి తప్పుకుంది, ఇంటర్వ్యూ చేసిన నాలుగు ప్రోగ్రాములకూ మర్యాదగా మెయిల్ పెట్టింది. ఎందుకని అడిగితే, "క్యాజువాలిటీకి వచ్చిన షుగర్ పేషెంట్లు స్థిమితపడ్డాక ఎక్కడికి వెళ్తారో ఎప్పుడూ తెలిసేది కాదు మేడమ్. ఇందులో నెల నెలా వాళ్లే వస్తారు" అంది. ఫ్యామిలీ మెడిసిన్ అంటే ఏమీ దొరకనివాళ్లు తీసుకునే కోర్సు అని మన దగ్గర చిన్నచూపు ఉంది. నాకది కోపం తెప్పించే మాట. బీపీ, షుగరు, కిడ్నీ మూడూ ఉన్న మనిషిని మూడు గదులు తిప్పకుండా ఒకచోట చూసే డాక్టర్లు మన జిల్లాలకి ఎంతమంది కావాలో ఓపీ బయట వరుసలు చూసినవాళ్లకి తెలుసు.

ఎవరికి సరిపోదు

ఈ కేసు చూసి అందరూ ఇలాగే చేయమని అనను. స్టెప్ పరీక్షలో ఒకసారి ఫెయిలైనవాళ్లకి, డిగ్రీ వచ్చి ఐదేళ్లు దాటినవాళ్లకి జాబితా ఎంత సరిచేసినా పిలుపులు పెరగకపోవచ్చు. వాళ్లకి రెండో ప్రయత్నం ముందే వద్దని చెబుతాను, వినడానికి కష్టమైనా. మొదటిసారే ఎనిమిది, పది ఇంటర్వ్యూలు వచ్చి తప్పిపోయినవాళ్లు ఆ నెలలోనే మాక్ ఇంటర్వ్యూలు మొదలుపెట్టాలి. వాళ్ల దరఖాస్తును కదపాల్సిన పనిలేదు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి దారులు వేరు. అప్పు చేసి చదివిస్తున్న కుటుంబాలు ఖర్చుకి ఒక గీత గీసుకోవాలి, అది దరఖాస్తు తెరవకముందే గీయాలి.

నాన్నగారు మొన్నామధ్య మళ్లీ అడిగారు, డీఎన్‌బీ అయ్యాక అమెరికా దారి ఉంటుందా అని. 2023లో టెనెస్సీతో మొదలై కొన్ని రాష్ట్రాలు, సొంత దేశంలో పీజీ శిక్షణ పూర్తిచేసిన డాక్టర్లకు అక్కడ మళ్లీ రెసిడెన్సీ లేకుండా తాత్కాలిక లైసెన్సు ఇచ్చే చట్టాలు తెచ్చాయి. లైసెన్సు ఒక్కటే సరిపోదు. తీసుకునే ఆస్పత్రి ఉండాలి, వీసా ఉండాలి, బోర్డు సర్టిఫికేషన్ (స్పెషలిస్టుగా అక్కడి గుర్తింపు) సంగతి వేరే తేలాలి. ఈ మాటలే ఆయనకి చెప్పాను, 2028 వచ్చాక ఆ చట్టాలు ఎలా ఉంటే అలా చూద్దామన్నాను. శ్రావణి ప్రస్తుతం మెడిసిన్ వార్డు రొటేషన్‌లో ఉంది. థీసిస్ ప్రోటోకాల్ రాస్తోంది, మన్యం గ్రామాల నుంచి వచ్చే జ్వరాల మీద. ముసాయిదా నాకు పంపింది, శాంపిల్ సైజు దగ్గర ఇంకా పని ఉంది.